హలో మలుపు

మాదాపూర్‌లో నేను పనిచేసిన ఆఫీసు కింది అంతస్తులో, రిసెప్షన్ బల్ల వెనక, గాజు పెట్టెలో ఒక చిప్ పెట్టారు. గోరంత ఉంటుంది. దాని కింద ఇత్తడి పలక మీద పదకొండు పేర్లు చెక్కించారు. ఆ పదకొండింటిలో నా పేరు లేదు. పలక పెట్టిన రోజున ప్రతి పేరూ రెండుసార్లు చదివాను. వెనక వైపు ఏమైనా ఉందేమోనని వంగి కూడా చూశాను. సెక్యూరిటీ అతను దగ్గరికి వచ్చి, "ఏమన్న పోయిందా సార్?" అని అడిగాడు.

"పోయింది" అన్నాను.

ఆ పలక కోసమే ఇది రాస్తున్నానని మా ఆవిడ సులోచన అంటుంది. కాదు. కొంత అవును గానీ, అసలు కారణం వేరు. ప్రగతి నగర్‌లో మా అపార్ట్‌మెంట్‌ పిల్లలు నలుగురు ఈ మధ్య వైర్‌లెస్ కంపెనీల్లో చేరారు. లిఫ్టులో కనబడితే, "టెస్టింగ్‌లో వేశారు అంకుల్, ఎలాగైనా డిజైన్‌లోకి మారిపోవాలి" అంటారు, ఏదో జబ్బు చేసినట్టు మొహం పెట్టి. వాళ్ళ కోసం రాస్తున్నాను. పదోన్నతుల సంగతి రాయను. వచ్చినవి తక్కువ, రావలసినవి ఎక్కువ. ఆ జాబితా వేరే నోట్‌బుక్‌లో భద్రంగా ఉంది.

వెనక సీటు ఉద్యోగం

సెల్‌ఫోన్ లోపల ఉండి టవర్లతో మాట్లాడే చిప్‌లు మా కంపెనీ తయారుచేసేది. డిజైన్ వాళ్ళు చల్లటి గదిలో కూర్చుని దాన్ని తయారుచేస్తారు. అది నిజంగా ఊళ్ళో పనిచేస్తుందా లేదా చూడడం మా పని. కారు వెనక సీట్లో ఒక చెక్క చట్రం, దానికి బిగించిన ఎనిమిది ఫోన్లు, నా ఒళ్ళో లాప్‌టాప్. ఫోన్లు కాల్స్ చేసుకుంటూ ఉంటాయి, కారు తిరుగుతూ ఉంటుంది. ఏ కాల్ ఎక్కడ తెగిందో, ఎందుకు తెగిందో నేను పట్టుకోవాలి. దీన్ని డ్రైవ్ టెస్ట్ అంటారు.

ఒకసారి క్రికెట్ సీజన్‌లో కొత్తగూడ దగ్గర పోలీసులు మా కారు ఆపారు. ఎనిమిది ఫోన్లు చూసి బెట్టింగ్ ముఠా అనుకున్నారు. మా డ్రైవరు యాదయ్య కిందికి దిగి చెప్పాడు.

"బెట్టింగ్ కాదు సార్. గీ సారు ఇంజినీరు. ఫోన్లు వాటంతటవే మాట్లాడుకుంటయి, గీయన కూసొని ఇంటడు."

ఆ కానిస్టేబుల్ నన్ను పైనుంచి కిందికి చూశాడు. "దీనికి జీతమిస్తరా?" అన్నాడు.

ఆ మాట నేను మరిచిపోలేదు. యాదయ్య కూడా మరిచిపోలేదు, నేను రిటైరయ్యేదాకా నెల మొదటి తారీఖున "జీతమిచ్చిన్రా సార్?" అని నవ్వేవాడు.

నేను చేరినప్పుడు ఆ వైపంతా బండరాళ్ళు. వాటి మధ్య అక్కడక్కడా అద్దాల మేడలు. తరువాత రాళ్ళు తగ్గాయి, మేడలు పెరిగాయి. మిగతావాళ్ళు దాన్ని అభివృద్ధి అన్నారు. మాకు మాత్రం ఒక మేడ లేచిందంటే దాని వెనక సిగ్నల్ అందని నీడ ఒకటి లేచినట్టు. ఎక్కడెక్కడ ఏ టవరు అందుతుందో మేం కష్టపడి గీసిన మ్యాపు ఆర్నెల్లలో పాతబడేది. పిల్లలూ, ఇది గుర్తుంచుకోండి: మీ చేతిలో ఉన్న మ్యాపు ఎప్పుడూ నిన్నటి ఊరిదే.

ఇంకో సంగతి. ఫీల్డు నుంచి మేం వచ్చేసరికి ఆఫీసు విందుల్లో బిర్యానీ ముక్కలు అయిపోయి, అన్నమూ ఉల్లిపాయ చక్రాలూ మిగిలేవి. ఇలా పదిహేడుసార్లు జరిగింది.

బట్టీ పట్టిన దారి

మా మేనేజరు ప్రసాద్ గారిది కాకినాడ. మాట మెత్తన, నిర్ణయం గట్టి. డ్రైవ్ టెస్టుకి ఆయన ఒక దారి ఖాయం చేశారు: ఆఫీసు నుంచి గచ్చిబౌలి, అక్కణ్ణుంచి ఔటర్ రింగ్ రోడ్డు సర్వీస్ రోడ్డు, తిరిగి ఆఫీసు. వెడల్పాటి రోడ్లు. భోజనాల వేళకి తిరిగి వచ్చేయవచ్చు.

"రోజూ ఒకే దారైతేనే కదండీ, నిన్నటికీ ఇవాళ్టికీ పోల్చుకోగలం" అన్నారు.

ఆ మాటలో తప్పు లేదు. అదే దానిలో ఉన్న ప్రమాదం. ఆ దారిలో కాల్ తెగిన ప్రతిచోటా లోపం వెతికి సరిచేశారు. ఏడాది తిరిగేసరికి ఆ దారిలో ఒక్క కాల్ తెగలేదు. కేకు కోశారు. మా చిప్ ఊరు నేర్చుకుందని అందరూ అనుకున్నారు. అది ఊరు నేర్చుకోలేదు. ఆ ఒక్క దారిని బట్టీ పట్టింది.

యాదయ్యది జనగామ వైపు. కాంట్రాక్టు మీద సొంత బండి పెట్టాడు. పుప్పాలగూడలో రెండు గదులు కిరాయికి తీసుకుని ఉండేవాడు. ఒకరోజు మా మామూలు దారిలో ఫ్లైఓవర్ పని వల్ల ట్రాఫిక్ నిలిచిపోయింది.

"సార్, మా పుప్పాలగూడ గల్లీలకెళ్లి తీస్త. వస్తరా, ఈడనే కూసుందమా?"

"పోనియ్" అన్నాను.

గల్లీ ఇరుకు. ముందర గేదెలు, వెనక ఆటోలు. నడిచేవాళ్ళే మమ్మల్ని దాటిపోతున్నారు. రెండంతస్తుల ఎత్తున్న ఒక బండరాయి చుట్టూ దారి తిరిగింది. రాయి చాటుకు వెళ్ళామో లేదో, ఎనిమిదింటిలో ఐదు ఫోన్ల కాల్స్ ఒకేసారి తెగాయి. ఆ ఐదింటిలోనూ మా కొత్త చిప్ ఉంది. పాత చిప్ ఉన్న మూడూ హాయిగా మాట్లాడుకుంటూనే ఉన్నాయి.

"మళ్ళ తిప్పు" అన్నాను. మళ్ళీ ఐదు తెగాయి. ఇంకోసారి తిప్పాం. గేదెలాయన తన గేదెల్ని పక్కకి తోలి, "ఏం పోగొట్టుకున్నరన్నా?" అని అడిగాడు.

జరిగింది ఇదీ. ఫోను ఒక టవరుతో మాట్లాడుతూనే పక్క టవర్ల కోసం చూస్తూ ఉండాలి. బ్యాటరీ కలిసివస్తుందని, బండి నెమ్మదిగా పోతున్నప్పుడు అలా చూడడాన్ని కొత్త చిప్‌లో బాగా తగ్గించారు. పై దేశంలో ఉన్న మా లాబ్‌లో సిగ్నల్‌ని కొద్దికొద్దిగా తగ్గిస్తూ పరీక్షిస్తారు, పొద్దు వాలినట్టు. మన రాయి చాటున సిగ్నల్ కరెంటు పోయినట్టు పోతుంది. ఫోను తేరుకుని పక్క టవరును వెతికేలోగా కాల్ తెగిపోతుంది.

మూడుసార్లు మూసిన ఫిర్యాదు

చిప్‌లో లోపం ఉందని ఆఫీసు కంప్యూటర్లో ఫిర్యాదు పెట్టాను. లాబ్ వాళ్ళు మూసేశారు: 'ఖాయం చేసిన దారిలో లేదు.' మళ్ళీ తెరిచాను. మూసేశారు: 'మా దగ్గర రావడం లేదు.' ఫిర్యాదు మూసినప్పుడల్లా నాకొక ఆకుపచ్చ టిక్కు మార్కు వచ్చేది, అభినందించినట్టు. మూడోసారి తెరిస్తే ప్రసాద్ గారే మూసేసి గదిలోకి పిలిచారు.

"అది కాదండీ నరహరి గారూ. ప్రతిసారీ అదే కారు, అదే యాదయ్య. ఇంకో కార్లో ఎందుకు రాలేదండీ?"

"ఇంకో కారు ఆ గల్లీకి పోలేదు గద సార్."

"బండి వైరింగ్ చూసుకోండి ముందు. అంత మొండితనం మంచిది కాదండీ."

మొండితనం అన్న మాట నోట్‌బుక్‌లో రాసుకున్నాను. తరువాత సెల్లార్‌కి దిగి కారంతా వెతికాను. ఇక్కడ నేను చేసిన తప్పు చెబుతున్నాను, శ్రద్ధగా చదవండి.

యాదయ్య డాష్‌బోర్డు మీద కొమురెల్లి మల్లన్న బొమ్మ ఉండేది. దాని ముందు ఎరుపూ పచ్చా మారుతూ మెరిసే చిన్న లైటు. చార్జర్ దగ్గర్నుంచి సన్నటి తీగ లాగి పెట్టుకున్నాడు. ఇలాంటి చవక లైట్లు ఒక్కోసారి సిగ్నల్‌కి అడ్డం వస్తాయి. నేను చేయి పెట్టి లైటుని పీకేశాను, తీగ మొదలు దగ్గర తెగింది. పక్కన పదిమంది డ్రైవర్లు నిలబడి చూస్తున్నారు.

"ఇదే అయ్యుంటది. ఇన్ని రోజులు నా టైమంత పాడు చేసినవ్" అన్నాను.

యాదయ్య ఒక్క క్షణం ఆ తీగ మొదలు వైపు చూశాడు. "సరే సార్" అన్నాడు. అంతే.

పైకి వెళ్ళి, నా ఫిర్యాదు ఎంత శుద్ధమైనదో చూపడానికి మెయిల్ పెట్టాను: 'బండిలో అనుమతి లేని లైటు కనబడింది, తీసివేశాను, మళ్ళీ పరీక్షిస్తాను.' ఆ మధ్యాహ్నమే రాయి దగ్గరికి వెళ్ళాం. ఐదు కాల్స్ తెగాయి. లైటుకీ దానికీ ఏ సంబంధమూ లేదు. కానీ నా మెయిల్‌లోంచి ప్రసాద్ గారు ఒక్క ముక్కే తీసుకున్నారు: బండిలో అనుమతి లేని వైరింగ్. నెలాఖరు నుంచి యాదయ్య బండి వద్దని కాంట్రాక్టరుకి చెప్పించారు.

మర్నాడు పొద్దున యాదయ్య కారు తలుపు తీసి నిలబడ్డాడు. "నన్ను తీసేస్తున్రంట గద సార్?"

"నేను మాట్లాడుతా."

"తీసేస్తే తీసేసిన్రు సార్. వైరింగ్ ఖరాబ్ బండి అని పేరు పడితే ఈ లైన్ల ఇగ ఎవ్వరు పెట్టుకోరు. గదే పరేషాన్."

నా ఫిర్యాదు, ఆయన బండి రెండూ ఒకే తాడుకు కట్టినట్టయింది. రాయి దగ్గర లోపం చిప్‌దేనని చూపితే రెండూ నిలుస్తాయి. లేకపోతే రెండూ పోతాయి. అదృష్టవశాత్తు లాబ్ పెద్ద కారిన్ అనే ఆవిడ ఆ వారమే హైదరాబాద్ వస్తోంది. నాకు కావలసింది ఆమెను ఆ రాయి చుట్టూ ఒక్కసారి తిప్పడమే.

సాక్షి కంకర అయింది

శుక్రవారం బయలుదేరాం. ముందు సీట్లో ప్రసాద్ గారు, వెనక నేనూ కారిన్. గల్లీలోకి తిరిగాక యాదయ్య బండి ఆపేశాడు.

రాయి లేదు.

దాని చోట నీలం రేకుల గోడ. గోడ మీద ఈతకొలనులో నవ్వుతున్న కుటుంబం బొమ్మ. లోపల టిప్పర్లు తిరుగుతున్నాయి. కొన్ని కోట్ల ఏళ్ళు నిలబడ్డ రాయికి ఇంకొక్క వారం ఆగే ఓపిక లేకపోయింది.

"రాయా? మొన్ననే పేల్చిన్రు సార్. కంకర చేసిన్రు. మీకేమన్న కంకర గావాల్నా?" అన్నాడు అక్కడి వాచ్‌మన్.

ఫోన్లు ఎనిమిదీ బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి. ప్రసాద్ గారు వెనక్కి తిరిగి, "సిగ్నల్ ఎంత బాగుందో చూశారాండీ!" అన్నారు. కారిన్ మర్యాదగా లాప్‌టాప్ మూసింది. ఆ మర్యాద కంటే తిట్టు నయం. నేను దిగి ఒక కంకర ముక్క ఏరుకుని జేబులో వేసుకున్నాను. ఇప్పటికీ నా దగ్గర ఉంది.

తిరిగి ఆఫీసుకి వచ్చాం. ఆఫీసు ముందు ప్రసాద్ గారు ఫోను అందుకుని మాట్లాడుతూ, సెల్లార్‌లోకి పోనిమ్మని చెయ్యి ఊపారు. అప్పుడు యాదయ్య అద్దంలోంచి నా వైపు చూసి నెమ్మదిగా అడిగాడు.

"సార్, మీకు గా రాయే గావాల్నా, రాయి అసొంటిది గావాల్నా?"

"అంటే?"

"హలో మలుపు ఉన్నది గద."

అదేమిటో నాకు తెలియదు. అదే భవనంలో అన్నేళ్ళు పనిచేసి కూడా తెలియదు. రెండో సెల్లార్‌కి దిగే వాలులో, లావాటి కాంక్రీటు గోడ పక్కన ఉన్న మూడో మలుపుకి డ్రైవర్లు పెట్టుకున్న పేరట అది.

"ఆడికి రాంగనే సార్లందరు హలో, హలో అని ఒర్రుతరు. మేము గోడకు నిలవడి నవ్వుకుంటం. కింద సెల్లార్ల చిన్న టవర్ డబ్బా పెట్టిన్రు గద, మా ఫోన్లు తెగవు. పాత ఫోనున్నోళ్ళవి గూడ తెగవు. ఆఫీసోళ్ళు ఇచ్చిన కొత్త ఫోన్లే తెగుతయి."

 కొత్త చిప్ వేసిన ఫోన్లని వాడి చూడమని మా ఆఫీసు వాళ్ళకే పంచారు. సెల్లార్ అన్నాక కాల్ తెగడం మామూలేనని ఇంజినీర్లం ఒక్కరమూ పట్టించుకోలేదు. ఎవరి ఫోను తెగుతోంది, ఎవరిది తెగడం లేదు అని విడదీసి చూసింది గోడకి ఆనుకుని నిలబడ్డ డ్రైవర్లు.

"నెమ్మదిగా దింపు" అని, కారిన్ వైపు తిరిగి లాప్‌టాప్ తెరవమన్నాను. మొదటి మలుపు. రెండో మలుపు. ప్రసాద్ గారు ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు. "అలాగేనండీ, మన చిప్ విషయంలో ఏ సమస్యా లేదండీ, నేను స్వయంగా చూసి... హలో? హలో! హలో!"

గోడ పక్కన నలుగురు డ్రైవర్లు మొహాలు తిప్పుకున్నారు. చట్రంలో ఐదు తెగాయి. మూడు నిలిచాయి.

కారిన్ వేలు గుండ్రంగా తిప్పింది, మళ్ళీ అని. ఆ వాలు మీద పదకొండుసార్లు ఎక్కి దిగాం. సెక్యూరిటీ అతను విజిల్ వేసి, "ఏంది యాదన్నా, పార్కింగ్ దొరుకుతలేదా?" అని అరిచాడు. పదకొండోసారి తరువాత కారిన్ నా ఫిర్యాదుని తన చేత్తో తిరిగి తెరిచి, ఇది ఎలా దొరికిందని అడిగింది.

"మా టీమ్..." అని ప్రసాద్ గారు మొదలుపెట్టారు.

"మా డ్రైవరు యాదయ్య పట్టుకున్నాడు" అన్నాను, ఆయన మాటకి అడ్డం వెళ్ళి. ఆ సాయంత్రమే ఇంకో మెయిల్ పెట్టాను: లైటు వల్ల ఏ లోపమూ లేదు, నేను తొందరపడి రాశాను, బండిని కొనసాగించాలి. నా జీవితంలో నా మీద నేను పెట్టిన ఫిర్యాదు అదొక్కటే. యాదయ్య బండి నిలిచింది. చిప్ సరై బయటికి వెళ్ళింది. ఇత్తడి పలక మీద ప్రసాద్ గారి పేరు రెండోది.

తీగ మొదలు

రిటైరైన రోజు శాలువా కప్పారు, ఫొటో తీశారు. ఫొటోలో పూలగుత్తి పూర్తిగా ఉంది, నా మొహం సగమే ఉంది. ఇంటికి యాదయ్యే దింపాడు. దారి పొడుగునా నాకు జరిగిన అన్యాయాలన్నీ చెప్పాను. బిర్యానీ, ఆకుపచ్చ టిక్కులు, మొండితనం అన్న మాట, పదకొండు పేర్లు. నిజాంపేట దాకా సరిపోయాయి. ఆయన ఊఁ కొడుతూ విన్నాడు.

అప్పుడు నా కన్ను డాష్‌బోర్డు మీద పడింది. మల్లన్న ముందు లైటు లేదు. టేపు చుట్టిన తీగ మొదలు అలాగే ఉంది. ఇన్నేళ్ళు ఆ కారులో తిరిగి, వెనక సీట్లో లాప్‌టాప్‌లోనే మొహం పెట్టుకున్నాను.

"లైటు మళ్ళ పెట్టుకోలేదా యాదయ్యా?"

"మీరు పీకిన్రు గద సార్."

"దాని తప్పు లేదని తేలింది గద. మెయిల్ గూడ పెట్టిన."

"ఆఫీసుకు పెట్టిన్రు సార్. నాకు చెప్పలే." అద్దంలో నవ్వుతున్నాడు. "పదిమంది డ్రైవర్ల ముంగట పీకిన్రు. పెట్టుడు గూడ మీరే పెట్టాలె అని అట్లనే ఉంచిన. ఫికర్ లేదు, నాకేం తొందర లేదు సార్."

నోట్‌బుక్ నాకొక్కడికే ఉందనుకున్నాను. ఆయన దగ్గరా ఒకటుంది. అందులో ఒకే పద్దు ఉంది, అది నాది.

సోమవారం నిజాంపేటలో ఎరుపూ పచ్చా లైటు కొని ఆఫీసుకి వెళ్ళాను. అన్నేళ్ళు పనిచేసిన చోట నా మెడలో 'సందర్శకుడు' అనే కార్డు వేశారు, అదీ రాసుకున్నాను. పార్కింగ్‌లో డ్రైవర్లందరినీ పిలవమన్నాను. లైటు బిగించడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

"సార్, ఎర్ర తీగ అటు కాదు" అన్నాడొక డ్రైవరు.

"నాకు తెలుసు."

"తెలుస్తలేదు సార్ చూస్తుంటే."

"గిట్లనే చేసిన్రా సార్ ఫోన్లు గూడ?" అన్నాడు ఇంకొకడు.

చివరికి మల్లన్న వెలిగాడు. అందరూ చప్పట్లు కొట్టారు. యాదయ్య నన్ను ముందు సీట్లో కూర్చోమని, ఒక రౌండు వేద్దామని బండి పైకి తీసి మళ్ళీ దింపాడు. ఆ దిగే వాలులోనే సులోచన ఫోన్ చేసింది.

"పెట్టిన్రా?"

"పెట్టిన. మంచిగ వెలుగుతున్నది."

"సరే. తప్పయిందని చెప్పిన్రా?"

కారు మూడో మలుపు తిరిగింది. పక్కన కాంక్రీటు గోడ వచ్చింది. ఒకప్పుడైతే సరిగ్గా ఇక్కడే లైను తెగేది, తరువాత ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. ఇప్పుడు తెగదు. తెగకుండా చేయడానికి మూడుసార్లు ఫిర్యాదు తెరిచింది నేనే.

"హలో? హలో? ఇనవడుతున్నదా?" అంది సులోచన. మాట కారంతా గంట కొట్టినట్టు వినబడుతోంది. గోడ పక్కన డ్రైవర్లు అప్పుడే నవ్వడం మొదలుపెట్టారు.

"యాదయ్యా" అన్నాను. "ఆ రోజు నాది తప్పు."

ఆయన స్టీరింగ్ తిప్పుతూ మల్లన్న వైపొకసారి, నా వైపొకసారి చూశాడు.

"ఇగ ఫోన్ల చెప్పున్రి సార్ అమ్మకు, సిగ్నల్ మంచిగున్నది" అన్నాడు.